హాట్ టబ్ నీళ్లకు ఏ మందు, ఎంత, ఎప్పుడు?

హాట్ టబ్ కొన్న మొదటి నెలలోనే చాలామంది ఇంట్లో ఒక అర నిండా డబ్బాలు చేరతాయి. నీళ్లు తేటపరిచేది ఒకటి, నురుగు అణిచేది ఒకటి, వాసన వచ్చేది ఒకటి, ఎందుకు కొన్నామో గుర్తులేనివి రెండు. అయినా మూడో వారానికల్లా నీళ్లు మసకబారతాయి. అప్పుడు ఇంకో డబ్బా కొంటారు.

నిజంగా కావలసినవి నాలుగైదే. అందులో అసలైనది క్రిములను చంపే మందు. అది సరిగ్గా పనిచేయడానికి నీళ్లను సిద్ధంగా ఉంచడమే మిగతా వాటి పని. అందుకే షాపుకెళ్లే ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: క్రిములను దేనితో చంపబోతున్నాం?

టబ్ అంటే చిన్న పూల్ కాదు

పూల్‌కు వాడేదే ఇక్కడా కొంచెం తక్కువ వేస్తే సరిపోతుందని అనుకుంటారు. ఒక చిన్న లెక్క చూడండి. 1,500 లీటర్ల టబ్‌లో నలుగురు కూర్చున్నారంటే, 50,000 లీటర్ల పూల్‌లో 133 మంది దిగినట్టే. పైగా నీళ్లు 37 నుంచి 40 డిగ్రీల వేడిలో ఉంటాయి. ఆ వేడికి చెమట, ఒంటి నూనె, రాసుకున్న క్రీములు అన్నీ నీళ్లలో కలుస్తాయి. వీటి మీదే క్లోరిన్ చాలావరకు ఖర్చయిపోతుంది, క్రిముల దాకా మిగిలేది తక్కువ.

ఇంకో సంగతి జెట్లు. అవి నీళ్లలో గాలి కలిపి కొడుతుంటే, నీళ్లలో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది, నీళ్ల పులుపును కొలిచే పీహెచ్ (పులుపు తగ్గేకొద్దీ ఈ అంకె పెరుగుతుంది) దానంతటదే పైకి పాకుతుంది. మీరేమీ కలపకపోయినా సరే.

అసలు భయపడాల్సింది మాత్రం లెజియొనెల్లా అనే బాక్టీరియాకు. 25 నుంచి 45 డిగ్రీల మధ్య అది బాగా పెరుగుతుంది, అంటే మన టబ్ దానికి కట్టించి ఇచ్చిన ఇల్లే. తుంపరలతో పాటు ఊపిరితిత్తుల్లోకి పోయి తీవ్రమైన న్యుమోనియా తెస్తుంది. నెదర్లాండ్స్‌లోని బోవెన్‌కార్‌స్పెల్‌లో 1999 ఫిబ్రవరిలో జరిగిన పూల ప్రదర్శనలో, చూపడానికి పెట్టిన వర్ల్‌పూల్ టబ్ తుంపరల నుంచి ఇది వ్యాపించి కనీసం 32 మంది చనిపోయారు. జబ్బు పడడానికి వాళ్లు టబ్‌లోకి దిగనక్కర్లేకపోయింది. దీనితో పోలిస్తే సూడోమొనాస్ అనే ఇంకో బాక్టీరియా తెచ్చే దద్దుర్లు చిన్న బాధే. స్నానం చేసిన ఒకటి రెండు రోజులకు, ముఖ్యంగా ఈత దుస్తులు ఆనిన చోట, ఎర్రటి దురద పొక్కులు లేస్తే దాన్ని అనుమానించాలి.

నీళ్లు అద్దంలా ఉన్నా ఈ రెండూ వాటిలో ఉండొచ్చు. కాబట్టి కంటిని నమ్మకూడదు, కొలతనే నమ్మాలి.

మందు కంటే ముందు కొలత

టబ్‌లో ఎన్ని లీటర్లు పడతాయో కచ్చితంగా తెలియకుండా ఏ డబ్బా మూతా తీయకండి. కంపెనీ పుస్తకంలో ఉండేది సాధారణంగా అంచుదాకా నింపితే పట్టే లెక్క. మనం నింపేది అంతకంటే తక్కువ. సులువైన దారి ఒకటుంది. పైపుతో 20 లీటర్ల బకెట్ నిండడానికి ఎంతసేపు పడుతుందో చూడండి. నిమిషం పట్టిందనుకుందాం. అదే పైపుతో టబ్ నిండడానికి గంటా పది నిమిషాలు పడితే, మీ టబ్ 1,400 లీటర్లది. ఆ అంకెను మూత లోపలివైపు మార్కర్‌తో రాసి పెట్టుకోండి.

తర్వాత టెస్ట్ కిట్. కాగితపు స్ట్రిప్పులు రోజువారీ చూపుకు చాలు. ముంచి తీశాక విదిలించకుండా, అడ్డంగా పట్టుకుని, డబ్బా మీద రాసిన సెకన్ల తర్వాత చూడాలి. కానీ ఏదైనా తేడా వచ్చినప్పుడు చుక్కల కిట్టే దిక్కు. రెండూ ఉంచుకోండి.

చుక్కల కిట్‌లో ఒక మెలిక ఉంది, నేను అందులోనే పడ్డాను. గాజు గొట్టంలో నీళ్లు పట్టి, డీపీడీ చుక్కలు వేసి కలిపితే క్లోరిన్ ఉన్నకొద్దీ గులాబీ రంగు ముదరాలి. ఆ రాత్రి నీళ్లు తెల్లగానే ఉండిపోయాయి. క్లోరిన్ సున్నా అనుకుని ఒక డోసు వేశాను. మళ్లీ చూశాను, మళ్లీ తెలుపే. ఇంకో డోసు. మూడోసారి గొట్టాన్ని లైటు దగ్గర పెట్టి చుక్కలు వేస్తుంటే కనిపించింది: చుక్క పడిన చోట ఒక్క క్షణం గులాబీ మెరిసి, వెంటనే మాయమైంది. క్లోరిన్ లేకపోవడం కాదు, అది మరీ ఎక్కువై రంగునే తినేస్తోంది. మర్నాడు ఆరేసిన ఈత దుస్తుల రంగు వెలిసిపోయి కనిపించాక లెక్క పూర్తిగా అర్థమైంది. మీకు ఎప్పుడైనా అనుమానం వస్తే ఒక వంతు టబ్ నీటికి నాలుగు వంతుల క్లోరిన్ లేని మంచినీళ్లు కలిపి పరీక్షించి, వచ్చిన అంకెను ఐదుతో గుణించండి.

క్లోరినా, బ్రోమినా?

రెండూ క్రిములను చంపుతాయి. అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సీడీసీ హాట్ టబ్బులకు చెప్పే కనీస మోతాదు క్లోరిన్ అయితే 3 పీపీఎం, బ్రోమిన్ అయితే 4 పీపీఎం, పీహెచ్ 7.0 నుంచి 7.8 లోపు. పీపీఎం అంటే లీటరుకు ఒక మిల్లీగ్రాము అనుకుంటే చాలు. తేడా అంతా వాడకంలో ఉంది.

క్లోరిన్ చురుకైనది, చవకైనది, కొలవడం సులువు. కానీ పీహెచ్ పెరిగితే దాని పదును పోతుంది. నీళ్లలో క్రిములను చంపే రూపం హైపోక్లోరస్ ఆమ్లం. పీహెచ్ 7.5 దగ్గర క్లోరిన్‌లో సుమారు సగం ఆ రూపంలో ఉంటే, 8 దగ్గర నాలుగో వంతే ఉంటుంది. స్ట్రిప్ మీద అంకె మారదు, పని మాత్రం సగమవుతుంది. చెమటలోని నత్రజని పదార్థాలతో కలిసి క్లోరమైన్లుగా మారాక దాదాపు పనికిరాదు. మనం ‘క్లోరిన్ వాసన’ అనేది ఈ క్లోరమైన్లదే. ఆ వాసన వస్తోందంటే క్లోరిన్ ఎక్కువైందని కాదు, చాల్లేదని.

బ్రోమిన్‌కు పీహెచ్ కాస్త ఎక్కువైనా ఫరవాలేదు. అది చెమటతో కలిసి ఏర్పడే బ్రోమమైన్లు కూడా క్రిములను చంపుతాయి, కళ్లు మండించవు. అందుకే వేడినీళ్లకు బ్రోమిన్ బాగా నప్పుతుందని పేరు. లోపాలూ ఉన్నాయి. ధర ఎక్కువ. ఎండ తగిలితే త్వరగా తగ్గిపోతుంది, క్లోరిన్‌కు ఉన్నట్టు దీనికి ఎండ నుంచి కాపు లేదు. ఒకసారి నీళ్లలో బ్రోమైడ్ చేరాక క్లోరిన్ వేసినా అది బ్రోమిన్‌గానే మారుతుంది. మళ్లీ క్లోరిన్‌కు రావాలంటే నీళ్లన్నీ వదిలేయాల్సిందే.

నన్నడిగితే, రోజూ టబ్ దగ్గరికి వెళ్లి రెండు నిమిషాలు కేటాయించగలిగినవాళ్లు క్లోరిన్ తీసుకోవాలి. వారంలో రెండు మూడుసార్లే చూడగలిగినవాళ్లకు, టబ్ నీడలో లేదా ఇంట్లోపల ఉన్నవాళ్లకు బ్రోమిన్ బిళ్లల పద్ధతి నయం. క్లోరిన్ ఒంటికి పడదనుకునేవాళ్లు బ్రోమిన్‌కు మారితే తగ్గుతుందన్న గ్యారంటీ లేదు. కొందరికి రెండూ పడవు.

క్లోరిన్ అంటే ఏ క్లోరిన్?

ఇక్కడే ఎక్కువమంది తప్పుదారి పడతారు. ఒకే పేరుతో నాలుగైదు వేరు వేరు పదార్థాలు అమ్ముతారు.

ట్రైక్లోర్ బిళ్లలు పూల్ షాపుల్లో ముందుగా చేతికొచ్చేవి. టబ్‌కు వీటిని తేవద్దు. నీళ్లలో కరిగితే పీహెచ్ 3 దగ్గర ఉండే పుల్లటి పదార్థం అది. బిళ్ల అడుగున పడితే అక్రిలిక్ మచ్చపడుతుంది, హీటర్ లోహం తినేస్తుంది.

కాల్షియం హైపోక్లోరైట్ బలమైనదే, కానీ వేసిన ప్రతిసారీ నీళ్లలో కాల్షియం చేరుతుంది. ఇప్పటికే కాల్షియం ఎక్కువున్న గట్టినీళ్లు ఉన్నచోట హీటర్ మీద తెల్లటి పొర కడుతుంది. మామూలు బ్లీచింగ్ పౌడర్ ఇంకా అధ్వానం, అడుగున సున్నపు మడ్డి మిగుల్తుంది.

ఇక మిగిలినవి రెండు: డైక్లోర్ గుళికలు, లిక్విడ్ క్లోరిన్.

డైక్లోర్ ఇట్టే కరుగుతుంది, పీహెచ్‌ను పెద్దగా కదపదు, వాడడం సుఖం. 56 శాతం రకమైతే 1,000 లీటర్లకు 1.8 గ్రాములు వేస్తే 1 పీపీఎం పెరుగుతుంది. చిక్కు దానితో వచ్చే సయన్యూరిక్ యాసిడ్‌ది. ఎండ నుంచి క్లోరిన్‌ను కాపాడేది ఇదే. అయితే 10 పీపీఎం క్లోరిన్ వేస్తే 9 పీపీఎం సయన్యూరిక్ యాసిడ్ కూడా చేరుతుంది. క్లోరిన్ ఖర్చవుతుంది, ఇది ఖర్చవదు. రోజుకు 5 పీపీఎం చొప్పున నెల రోజులు వేస్తే సుమారు 135 పీపీఎం పోగవుతుంది. అది క్లోరిన్‌ను పట్టుకుని కూర్చుంటుంది. స్ట్రిప్ మీద 3, 4 చూపిస్తున్నా క్రిములు చావడం బాగా నెమ్మదిస్తుంది. హాట్ టబ్బుల్లో సయన్యూరిక్ యాసిడ్ గానీ, అది ఉన్న క్లోరిన్ గానీ వాడొద్దని సీడీసీ చెప్పడానికి కారణం ఇదే.

లిక్విడ్ క్లోరిన్ అంటే సోడియం హైపోక్లోరైట్. ఇందులో సయన్యూరిక్ యాసిడ్ ఉండదు. 10 శాతం ద్రావణమైతే 1,000 లీటర్లకు 10 మిల్లీలీటర్లు వేస్తే 1 పీపీఎం. లెక్క నోటితోనే చేసేయొచ్చు. కష్టమేమిటంటే వేడికీ ఎండకూ నిల్వలోనే బలం తగ్గిపోతుంది. చిన్న డబ్బాలు కొని, చల్లటి చీకటి చోట పెట్టి, త్వరగా వాడేయాలి. బట్టలకు వాడే బ్లీచ్ తెస్తే సువాసనలు, చిక్కబరిచే పదార్థాలు లేని సాదా రకమే తేవాలి. లేదంటే నురుగుతో టబ్ కాఫీ కప్పులా తయారవుతుంది.

టబ్‌లు వాడేవాళ్లలో చాలామంది చేసేది మధ్యేమార్గం. కొత్త నీళ్లకు మొదట డైక్లోర్ వాడి, సయన్యూరిక్ యాసిడ్ 30 పీపీఎం చేరగానే లిక్విడ్‌కు మారతారు. 1,000 లీటర్లకు మొత్తం 60 గ్రాముల డైక్లోర్ పడిందంటే ఆ గీత చేరినట్టే. ఎండ తగిలే ఇంటి టబ్‌కు ఈ పద్ధతిలో సౌకర్యం ఉంది. మూత ఎప్పుడూ వేసి ఉండే టబ్‌కైతే మొదటి రోజు నుంచీ లిక్విడే మేలని నా అభిప్రాయం. ఇంట్లో వృద్ధులు, పొగతాగేవాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు ఉంటే ఇక రెండో ఆలోచన వద్దు.

బ్రోమిన్ ఎంచుకుంటే, నీళ్లు నింపగానే 1,000 లీటర్లకు సుమారు 40 గ్రాముల సోడియం బ్రోమైడ్ పొడి వేయండి. దానంతట అది ఏమీ చంపదు. పైన కాస్త క్లోరిన్ గానీ, ఎంపీఎస్ అనే క్లోరిన్ లేని షాక్ పొడి గానీ వేస్తే బ్రోమిన్‌గా మారి పనిలోకి దిగుతుంది. తర్వాత తేలే డబ్బాలో బ్రోమిన్ బిళ్లలు పెట్టి, దాని కంతలు పెంచుతూ తగ్గిస్తూ 4 నుంచి 6 పీపీఎం మధ్య నిలపాలి. కంతలు ఎంత తెరవాలన్నది ఏ పుస్తకంలోనూ దొరకదు, మొదటి రెండు వారాలు రోజూ కొలిస్తేనే తెలుస్తుంది.

నీళ్లను దారికి తేవడం

వరుస ముఖ్యం: మొదట ఆల్కలినిటీ, తర్వాత పీహెచ్, తర్వాత కాల్షియం, ఆఖర్న క్రిమిసంహారిణి.

ఆల్కలినిటీ అంటే పీహెచ్ ఊగిసలాడకుండా పట్టి ఉంచే బరువు. డబ్బాల మీద 80 నుంచి 120 పీపీఎం అని ఉంటుంది. పెంచడానికి వంటసోడానే వాడొచ్చు. 1,000 లీటర్లకు 17 గ్రాములు వేస్తే 10 పీపీఎం పెరుగుతుంది. ‘ఆల్కలినిటీ పెంచేది’ అని వేరే డబ్బాలో అమ్మేది కూడా చాలాసార్లు ఇదే పొడి, ధర మాత్రం వేరు. బేకింగ్ పౌడర్ వేరు, వాషింగ్ సోడా వేరు. వాషింగ్ సోడా పీహెచ్‌ను ఒక్కసారిగా పైకి లేపుతుంది, కాబట్టి పీహెచ్ బాగా తగ్గినప్పుడే దాని అవసరం.

ప్రతి రెండు రోజులకూ పీహెచ్ 8 దాటుతోందని, యాసిడ్ పోసీ పోసీ విసిగిపోయామని అనేవాళ్లు ముందు ఆల్కలినిటీ చూసుకోవాలి. అది 120 పైన ఉంటే జెట్లు వేసిన ప్రతిసారీ పీహెచ్ ఎగబాకుతుంది. లిక్విడ్ క్లోరిన్ వాడే టబ్‌లో దాన్ని 60 నుంచి 80 మధ్యకు దించితే సగం టెన్షన్ పోతుంది. డైక్లోర్ గానీ బ్రోమిన్ బిళ్లలు గానీ వాడేవాళ్లకు అవి కాస్త పుల్లబరుస్తాయి కాబట్టి 80 నుంచి 120 మధ్యే ఉంచుకోవాలి.

పీహెచ్ తగ్గించడానికి సోడియం బైసల్ఫేట్ పొడి, దీన్నే డ్రై యాసిడ్ అంటారు. 1,000 లీటర్లకు 10, 15 గ్రాములు బకెట్ నీళ్లలో కరిగించి పోసి, జెట్లు నడిపి, అరగంట తర్వాత కొలవండి. 7.4 నుంచి 7.6 మధ్య వస్తే వదిలేయండి. అంకె మరీ అందంగా రావాలని ఒకే రాత్రి ఐదుసార్లు కలిపితే ఇటు అటు ఊగడం తప్ప ఒరిగేదేమీ లేదు. బాత్రూమ్ కడిగే యాసిడ్ వద్దు, అందులో రంగులు, సబ్బు పదార్థాలు ఉంటాయి.

కాల్షియం 150 నుంచి 250 పీపీఎం మధ్య ఉంటే చాలు. తక్కువైతే నురుగు ఎక్కువ. 1,000 లీటర్లకు 15 గ్రాముల కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ 10 పీపీఎం పెంచుతుంది. కలిపేటప్పుడు బకెట్ వేడెక్కుతుంది, అది మామూలే. ఎక్కువైతే తగ్గించే మందు లేదు, కాల్షియం తక్కువున్న నీళ్లు కలపాల్సిందే. బోరు నీళ్లు వాడేవాళ్లు ఇనుము కూడా పరీక్షించుకోవాలి. క్లోరిన్ వేయగానే నీళ్లు టీ రంగుకు తిరిగితే అది ఇనుమే. అలాంటి నీళ్లకు క్లోరిన్‌కు ముందే లోహాలను పట్టి ఉంచే సీక్వెస్ట్రంట్ వేయాలి.

రోజువారీ డోసు

దిగే ముందు కొలవండి, క్లోరిన్ 3 నుంచి 5 మధ్య ఉండాలి. బయటికొచ్చాక మళ్లీ వేయండి. ఎక్కువమంది వదిలేసేది ఈ రెండోదే. ఒక మనిషి గంటసేపు కూర్చుంటే సుమారు 7 నుంచి 9 గ్రాముల క్లోరిన్ ఖర్చవుతుందని వాడకందార్లలో ఒక మోటు లెక్క ఉంది. 1,000 లీటర్ల టబ్‌లో అది 7 నుంచి 9 పీపీఎం! ఇద్దరు అరగంట కూర్చున్నా అంతే. అంటే మీరు తువ్వాలు చుట్టుకుని లోపలికి వెళ్లేసరికే నీళ్లలో రక్షణ అయిపోయినట్టే. ఆ లెక్క ప్రకారం 10 శాతం లిక్విడ్ 70 నుంచి 90 మిల్లీలీటర్లు పోసి, మర్నాడు సాయంత్రం కొలిచి, మీ ఇంటి వాడకానికి తగ్గట్టు సవరించుకోండి. ఎవరూ దిగని రోజుల్లో కూడా క్లోరిన్ సున్నాకు పోనివ్వకూడదు.

వేసేటప్పుడు జెట్లు తిరగాలి, మూత 20 నిమిషాలు తెరిచి ఉండాలి. వెంటనే మూసేస్తే ఆవిరి మూత అడుగును, తలదిండ్లను తినేస్తుంది.

వారానికొకసారి షాక్, అంటే ఒకేసారి పెద్ద డోసు. క్లోరిన్‌ను 10 పీపీఎం దాకా తీసుకెళ్లి, మళ్లీ 5కు దిగేదాకా ఎవరూ దిగకూడదు. ఎంపీఎస్‌తో కూడా చేయొచ్చు, అది చెమట మురికిని కాలుస్తుంది. కానీ క్లోరిన్‌కు బదులు కాదు. అది వేశాక కిట్‌లో క్లోరమైన్లు ఎక్కువగా ఉన్నట్టు చూపిస్తుంది, కంగారు పడొద్దు.

కొనకపోయినా నడిచేవి

నురుగు అణిచే మందు నురుగును ఓ గంట దాచిపెడుతుంది. కారణం మాత్రం ఈత దుస్తుల్లో మిగిలిన సబ్బు, ఒంటికి రాసుకున్న లోషన్. దుస్తులను సబ్బు లేకుండా ఉత్త నీళ్లలో జాడించి, దిగే ముందు స్నానం చేస్తే ఆ డబ్బా అవసరమే రాదు. నీళ్లు తేటపరిచే క్లారిఫయర్ కూడా అంతే. ఫిల్టర్ కడగకపోవడమో క్లోరిన్ చాలకపోవడమో దాన్ని కొనిపిస్తుంది. ఓజోన్, యూవీ పరికరాలు ఉంటే మంచిదే, అయితే అవి పైపులో తమ ముందు నుంచి వెళ్లే నీళ్లనే శుభ్రం చేస్తాయి. సీట్ల దగ్గరి నీళ్లకు క్లోరిన్ కావాల్సిందే. రాగి, వెండి ఉన్న మినరల్ కడ్డీలకూ ఇదే మాట.

ఒకదానితో ఒకటి కలపకూడనివి

క్లోరిన్, యాసిడ్ కలిస్తే విషవాయువు పుడుతుంది. ట్రైక్లోర్ లేదా డైక్లోర్, కాల్షియం హైపోక్లోరైట్‌తో కలిస్తే మంటలు లేవొచ్చు, పేలొచ్చు. ఒకదానిలో పెట్టిన తడి చెంచా ఇంకోదానిలో పెట్టడం కూడా కలపడం కిందే లెక్క. ఒక్కో డబ్బాకు ఒక్కో పొడి చెంచా, యాసిడ్‌కు వేరే అర. పొడిని నీళ్లలో వేయాలి, నీళ్లను పొడి మీద పోయకూడదు. రెండు రకాలు వేయాల్సి వస్తే మధ్యలో అరగంట జెట్లు నడపండి. చేతికి గ్లోవ్స్, కళ్లకు అద్దాలు, పిల్లలకు అందని తాళం.

నీళ్లు మార్చే రోజు

ఎంత బాగా చూసుకున్నా కరిగిన ఉప్పులు పోగవుతూనే ఉంటాయి. లీటర్లను 11.4తో, తర్వాత రోజుకు సగటున దిగే మనుషుల సంఖ్యతో భాగిస్తే ఎన్ని రోజులకు మార్చాలో వస్తుంది. 1,000 లీటర్లు, రోజూ ఇద్దరైతే 44 రోజులు. తక్కువ వాడినా నాలుగు నెలలు దాటనివ్వకండి.

ఖాళీ చేయడానికి ముందు రోజు, పాత నీళ్లలోనే పైపులు కడిగే మందు వేసి జెట్లు నడపండి. పైపుల లోపల జిగురులా పేరుకునే బయోఫిల్మ్‌లో క్లోరిన్‌కు అందకుండా బాక్టీరియా దాక్కుంటుంది. మొదటిసారి చేసినప్పుడు జెట్ల నోట్లోంచి గోధుమరంగు నురుగు, తడి కాగితం ముక్కల్లాంటి పొరలు తేలుతూ వస్తాయి. చూసి కడుపులో తిప్పినా, అవి బయటికొస్తేనే మంచిది. ఆ మురికి అంచుల నుంచి తుడిచేసి, హీటర్ కరెంటు ఆపి, నీళ్లు వదిలేయండి. పైపుల్లో మిగిలిన నీళ్లు కూడా పోయేలా చూసి, లోపలి గోడలు కడిగి, ఫిల్టర్ శుభ్రం చేసి బిగించండి. కొత్త నీళ్లు నింపాక ఆల్కలినిటీ, పీహెచ్, కాల్షియం సరిచేసి, క్లోరిన్‌ను 10 పీపీఎంకు తీసుకెళ్లి రాత్రంతా వదిలేయండి. పొద్దున కొలిస్తే అది సగానికి పైగా పడిపోయి ఉంటే పైపుల్లో ఇంకా ఏదో మిగిలినట్టే, మళ్లీ 10కి తెచ్చి ఇంకో రాత్రి ఆగండి. నిలబడి ఉంటే, 5కు దిగాక మీరు దిగొచ్చు.